వేల ఏళ్ల నాటి మైల

మా బావ చెప్పే కథ మీరెవరూ విని ఉండరు. మా బంధువుల్లో వినని వాళ్లు లేరు. పెళ్లి కానీ, పురుడు కానీ, ఊరికే నలుగురు కూర్చుని చాయ్ తాగడం కానీ, ఆయన గొంతు సవరించుకుని మొదలుపెడతాడు. "మా మరదలు గదా, లగ్గం దగ్గరికి వచ్చినంక పెండ్లిపిల్లను బొందలగడ్డకు తోలుకపోయింది. ఆడ దయ్యం పట్టింది. బాపమ్మ ఇడిపించింది గనుక సరిపోయింది, లేకుంటె నేను ఇయ్యాల్టిదాంక బ్రహ్మచారినే!" అందరూ నవ్వుతారు. మా అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. నాకు అసలు మంట అక్కడే. అది బొందలగడ్డ, అంటే ఊరి శ్మశానం, కాదని, తోలుకుపోయింది నేను కాదని, పట్టింది దయ్యం కాదని, అక్కడ కనిపించింది ఒక ఉడుమనీ, అన్నిటికంటే ముఖ్యంగా ఆ రోజు మా బావ నదికి ఇవతలి ఒడ్డునే లేడనీ ఇన్నేళ్లుగా ఖండిస్తూనే ఉన్నాను. (ఖండించడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇంట్లో నా పేరు 'లాయరమ్మ'. నేను చదివింది చరిత్రే, కానీ వాదించడానికి సబ్జెక్టు పట్టింపు లేదు.) నోటితో చెబితే ఎవరూ వినడం లేదు కాబట్టి ఇక రాసి పెడుతున్నాను.

ఆ రోజుల్లో మా సిరోంచలో ఉత్సాహం కూడా బయటి నుంచి రావాల్సిన సరుకే. పక్కన రెండు నదులు ఉన్నాయి కానీ దాటడానికి వంతెన లేదు. పడవ వస్తే కొత్త మనిషి వచ్చినట్టు, బస్సు వస్తే కొత్త కబురు వచ్చినట్టు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడేవాళ్లం కానీ, ఏ భాషలో అచ్చేసిన పటం తెచ్చి చూసినా మా ఊరు సరిగ్గా మడత పడే చోటే ఉండేది. అలాంటి ఊరి నుంచి వెళ్లి చంద్రపూర్‌లో హాస్టల్లో ఉండి బి.ఏ. చేసి వచ్చాను. అక్కడ చరిత్ర పుస్తకంలో ఒక నల్లటి బొమ్మ ఉండేది. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఏనుగంత బండను మూతలా కప్పి, ముందరి బండకు గుండ్రంగా ఒక కంత పెట్టిన సమాధి. ఇనుము వాడటం కొత్తగా నేర్చిన కాలం మనుషులు చనిపోయినవాళ్ల కోసం కట్టుకున్నదట. ఆ బొమ్మ కింద ఉన్న రెండు పేరాలూ బట్టీ పట్టి, పరీక్షలో నాలుగు పేజీలకు సాగదీసి రాశాను. అలాంటివి ఎక్కడో దూరదేశాల్లో, చదువుకున్నవాళ్లు ఉండే చోటే ఉంటాయని నా గట్టి నమ్మకం.

ఇంటికి వచ్చేసరికి అక్క పెళ్లి హడావుడి. మా అక్క గురించి ఒక మాట చెప్పాలి. ఆమె కాస్త గట్టిగా దగ్గితే పక్కింటివాళ్లు ఏమైందోనని చూడటానికి వచ్చేవారు, అంత నెమ్మది. ఇంటికి పెద్ద మా నాన్నగారి తల్లి, బాపమ్మ. ఆమె చెప్పిందే శాస్త్రం, ఆమె ముక్కుపుడక మెరిసిన వైపే తూర్పు. తునికాకు కోతలు మొదలవబోతున్న ఎండల్లో, పెళ్లి ఎల్లుండి అనగా పొద్దున్నే అక్కకు పసుపు పెట్టారు. పసుపు పెట్టిన పిల్ల గడప దాటకూడదు, ఊరి పొలిమేర అసలే దాటకూడదు. ఇది బాపమ్మ చట్టం. ఆ రోజు నాకు అప్పగించిన పని ఒక్కటే, కమలాపూర్ వెళ్లి మా మేనత్తను తీసుకురావడం. ఇంటి ఆడబిడ్డ లేనిదే ఆ సాయంత్రం జరగాల్సిన నలుగు జరగదు. బండి చాచాది. చాచా మా నాన్నకు చిన్ననాటి దోస్తు. అహేరి దారిలో జీపు నడిపేవాడు. జీపును మాట్లాడే మనిషిలా చూసుకునేవాడు, మనుషులనేమో జీపుల్లా చూసేవాడు.

చాచా ఇంజన్లో నీళ్లు పోస్తుంటే నేను ఊరికే ఉండలేక నా చదువు గురించి చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు బండలు, పైన మూత, ముందర కంత... అనేసరికి చాచా డబ్బా కింద పెట్టాడు.

"అరె, గసొంటిది కమలాపూర్ తొవ్వల ఉన్నది గద బిడ్డా! రాకాసి గూడు అంటరు. సడక్ మీదికెల్లి జర లోపలికి పోవాలె."

 పుస్తకంలోని బొమ్మ మా ఊరి తోవలో! నేనింకా తేరుకోకముందే వెనక నుంచి "నేను గూడ వస్త" అని వినబడింది. చూస్తే మా అక్క. ముఖం నిండా పసుపు, మోచేతుల దాకా పసుపు, నెత్తి మీద నా ఓణీ.

"నీకు పసుపు పెట్టిన్రే!" అన్నాను.

"పసుపు పెట్టిన్రు గని సంకెళ్లు పెట్టలె గద."

"బాపమ్మ చంపుతది."

"బాపమ్మ పండుకున్నది. గోరింటాకు పెట్టించుకోను పక్కింటికి పోతున్ననని అమ్మకు చెప్పొచ్చిన. నడువే. ఇయ్యాల్ల చూడకుంటె ఇగ ఎన్నడు చూస్త? ఎల్లుండికెల్లి ఎటు పోవాల్నన్నా అడిగి పోవాలె."

నా జీవితంలో మొదటిసారి ఆచారం తరఫున నిలబడి వాదించాను. పొలిమేర దాటకూడదన్నాను, దిష్టి తగులుతుందన్నాను, ఎండ తగులుతుందన్నాను. అక్క నా మాటలన్నీ నెమ్మదిగా విని జీపు వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. నేను దిక్కులేక చాచా వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. "నాకేం తెల్వదు. నేను ముందట రోడ్డు జూస్త. ఎనుక ఎవలు కూసున్నరో నాకు కనబడదు. నా అద్దం పగిలి మూడు నెలలాయె." ఇదీ అసలు సంగతి. ఎవరు ఎవరిని తోలుకుపోయారో మీరే చెప్పండి.

దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. అక్క వింటూ, టేకు చెట్ల మధ్య నుంచి వచ్చే గాలికి ముఖం పెట్టి, నోరు తెరిచి గాలి మింగుతూ కూర్చుంది. ఒకచోట చాచా బండిని సడక్ దించి, ఎండుటాకుల మీద కరకరమనిపిస్తూ లోపలికి పోనిచ్చి ఆపాడు. దిగి నాలుగు పొదలు దాటామో లేదో, అది ఎదురుగా ఉంది! బొమ్మలో ఉన్నట్టే. కాదు, బొమ్మ అబద్ధం చెప్పింది. బొమ్మలో అది అంగుళమంత ఉంది. ఇక్కడ ఆ మూత బండ మా ఇంటి వసారా అంత ఉంది. చుట్టూ వలయంలా పేర్చిన రాళ్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. ముందరి బండకు గుండ్రటి కంత. అంచులు ఎవరో అరచేత్తో రుద్దినట్టు నున్నగా ఉన్నాయి. నేను గంతులు వేశాను. నిజంగానే వేశాను. డిగ్రీ పాసైన ఆడపిల్ల అడవిలో మేకపిల్లలా గంతులు వేసింది, సాక్షి చాచా. "ఇదే! ఇదే చాచా! పుస్తకంల ఉన్నది ఇదే!" అని అరుస్తుంటే ఆయన మాత్రం చెప్పులు విడిచి, జేబురుమాలు తలకు కట్టుకుని, కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు.

"చెప్పులు ఇడువుండి బిడ్డా. ఎవలదైతేంది, కబర్ కబరే. వచ్చినోళ్లు సలాం చెప్పాలె."

మేము చెప్పులు విడిచాం. నేను నిలబడి అక్కకు పాఠం మొదలుపెట్టాను. ఇంత బండను పైకి ఎలా ఎక్కించి ఉంటారు, మట్టి వాలు పోశారా, దుంగలు వేసి దొర్లించారా అని రెండు చేతులతో చూపిస్తూ చెబుతున్నాను. అక్క ఒక పుల్ల తీసుకుని కంతలో తట్టింది. లోపల సరసర చప్పుడైంది. మరుక్షణం మోచేయంత ఉడుము బయటికి దూకి నా పాదాల మీదుగా పరుగెత్తింది. కేక వేసింది చాచా. (మా బావ కథలో దయ్యం ఇదే. చాచా ఆ కేకలో అల్లాను, వాళ్ల అమ్మను, జీపు యజమాని అయిన తనను కూడా తలుచుకున్నాడు.) నేను వెనక్కి తిరిగి చూసేసరికి అక్క తల, భుజాలు కంతలో ఉన్నాయి.

"ఏయ్! ఏం జేస్తున్నవే?"

"నువ్వు చెప్పుకుంట నిలబడు. నేను లోపటికి పోతున్న," అని కంతలో నుంచి జవాబు వచ్చింది. పారాణి పెట్టాల్సిన ఆ పాదాలు రెండుసార్లు గాలిలో ఆడి, లోపలికి మాయమయ్యాయి.

చరిత్ర చదివింది నేను, సమాధిలోకి ముందు దూరింది ఆమె! ఆ అవమానం నేను భరించలేను కదా. నేనూ తల పెట్టాను. భుజాలు పెట్టాను. ఆ తర్వాత జరిగినదాన్ని మా ఇంట్లో 'ఇరుక్కోవడం' అంటారు. నేను ఇరుక్కోలేదు, ఆగాను. హాస్టల్ భోజనం బాగుండేది, అది నా నేరం కాదు. సగం లోపల, సగం బయట ఉండి కాళ్లు ఆడిస్తుంటే చాచా దూరంగా మా వైపు వీపు పెట్టి నిలబడి సలహా ఇచ్చాడు. "పరేషాన్ గాకు బేటీ! ఊపిరి మొత్తం ఇడువు. న్యూట్రల్ల పెట్టు. ఇగ మెల్లగ... మెల్లగ... రేస్ చెయ్యకు!" లోపలి నుంచి అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. లాగుతూ నవ్వింది. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, ఊపిరి అందక, బండలన్నీ తిరిగి నవ్వేంతగా నవ్వింది. అంతకు ముందు ఆ నవ్వు మా ఇంట్లో ఎవరూ విని ఉండరు. నేను ఆ నవ్వు మధ్యలోకి ధబ్బున పడ్డాను.

లోపల చల్లగా ఉంది. బయట రాయి కాలుతోంది, లోపల కుండలో నీళ్లంత చల్లన. కంతలో నుంచి పడిన వెలుతురు నేల మీద పళ్లెంలా గుండ్రంగా పరుచుకుంది. ఇద్దరం పక్కపక్కనే వెల్లకిలా పడుకున్నాం.  ఇంత పాత చోట నేను ఎన్నడూ లేను. ఇకపై కూడా ఉండబోనని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అక్క మెల్లగా అడిగింది.

"గీళ్లను ఉత్తగనే పండబెట్టి పోయేటోళ్లా?"

"లేదక్కా. కుండలు, కొడవండ్లు, పూసలు, అన్ని పక్కన పెట్టేటోళ్లట."

అక్క నా వైపు తిరిగింది. "అంటె సారె పెట్టి పంపినట్టే."

ఆ మాట మా ప్రొఫెసర్ చెప్పలేదు, పుస్తకంలో లేదు.  చాచా హారన్ కొట్టాడు. "జరసేపు ఉందామే. ఈడ నన్ను ఎవలు పిలుస్తలేరు," అంది అక్క. మళ్లీ హారన్ కొట్టే వరకు ఉన్నాం.

కమలాపూర్ చేరితే అత్త ఇంటికి తాళం. పొద్దుటి బస్సుకే పోయిందని పక్కింటామె చెప్పింది. అంటే మేము తీసుకురావడానికి వచ్చిన మనిషి మేము బయలుదేరకముందే మా ఊరి దారి పట్టిందన్నమాట. చాచా జీపును ఎంత తరిమినా ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. వసారాలో మంచం మీద అత్త చాయ్ తాగుతోంది. గడపలో బాపమ్మ నిలబడి ఉంది.  అక్కను కింది నుంచి పైకి ఒకసారి చూసి ఒకే ఒక మాట అంది.

"పసుపేది?"

అక్క కుడి భుజం నుంచి మోచేతి దాకా పసుపు ఊడ్చుకుపోయి, ఆ చోట బూడిదరంగు రాతి దుమ్ము ఉంది. ఇద్దరం కంతలోంచి బయటికి దూరేటప్పుడు ఆ పసుపంతా రాతి అంచుకు అంటుకుపోయింది. అక్క ఏదో సర్దిచెప్పబోయింది. కానీ నా ఉత్సాహం ఇంకా చల్లారలేదు. బాపమ్మకూ తెలిస్తే సంతోషిస్తుందన్నట్టు రాకాసి గూడు అసలు ఏమిటో, ఎవరు కట్టారో, ఎంత పాతదో మొత్తం చెప్పేశాను. 'సమాధి' అన్న మాట దగ్గర అత్త చేతిలోని గ్లాసు వంగి చాయ్ ఒలికింది.

"అంటె బొందల దూరొచ్చిన్రా? పసుపు పిల్లను వెట్టుకోని?" అంది బాపమ్మ. "మైల. ఇల్లంత మైల."

"మైల ఏంది బాపమ్మా? సచ్చిపోయి వేల ఏండ్లాయె!"

"ఎవలు సచ్చిపోయిన్రు?"

"ఎవలో తెల్వదు."

"ఎవలో తెల్వకుంటె మనోళ్లు గాదని ఎట్ల జెప్తవ్? నువ్వు చూసినవా?"

 ఇది న్యాయం కాదని మీరే ఒప్పుకోవాలి. అయినా వదల్లేదు. "సరే, మనోళ్లే అనుకో. పది దినాల మైల ఎప్పుడో అయిపాయె గద!"

"దినాలు చేసిన్రని నీకెవలు జెప్పిన్రు? చెయ్యకపోతె? దినాలు చెయ్యంది మైల పోతదా? అది అట్లనే ఉంటది, ఎవలొస్తె వాళ్లకు అంటుకోను." నా చదువంతా ఆ ఒక్క ముక్కకు కొట్టుకుపోయింది. దినాలు చేశారని రుజువు చేసే ఆధారం చరిత్ర శాస్త్రంలో ఇప్పటికీ నాకు దొరకలేదు.

అప్పుడు బాపు, అంటే మా నాన్న, తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. తెల్లారితే పెళ్లికి ముందు పెద్దలకు పెట్టుకోవాలి, పొద్దెక్కేసరికి మగపెళ్లివారి పడవ దిగుతుంది. మైల అంటే లగ్గం ఆగినట్టే. ఇది దాటితే మూఢాలు, మళ్లీ ముహూర్తాలు ఎప్పుడో. మగపెళ్లివారి చుట్టాల్లో ఒక పిల్ల ముందు నుంచే సిద్ధంగా ఉందని ఊరంతా తెలుసు. "లాయరమ్మా, నీకు పుణ్యముంటది, జర నోరు మూస్కో," అన్నాడు బాపు. అత్త అప్పుడే కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది.  ఆ క్షణం దాకా అంతా సంబరంగానే ఉంది. అక్క పెళ్లి ఆ కంత అంచు మీద నిలబడి ఉందని అప్పుడు అర్థమైంది.

గట్టిగా దగ్గని మా అక్క అప్పుడు ముందుకు వచ్చింది. "చెల్లెది ఏం లేదు. నేనే పోయిన, నేనే ముందుగాల దూరిన. చీర మంచిగున్నదంటరు, పిల్లగాడు మంచోడంటరు, నేను అన్నిటికి ఊకున్న. ఇప్పుడు చెప్తున్న. పిల్లగాడు నాకు నచ్చిండు. లగ్గం ఆపకుండ్రి." (ఇంతమంది ముందు అక్క ఆయన గురించి ఈ మాట అన్న సంగతి మా బావ కథలో లేనే లేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఆయన ఇంకా పొంగిపోతాడు.)

బాపమ్మ నోట్లోని ఆకు నమిలి, ఉమ్మి వచ్చి, తీర్పు చెప్పింది. "ఇద్దరు కట్టుబట్టల తోటే తలకు స్నానం చెయ్యుండ్రి. రేపు పెద్దలకు పెట్టేటప్పుడు ఒక ఇస్తరాకు ఎక్కువ ఎయ్యుండ్రి. దినాలు చెయ్యనోళ్లకు మనం జేసినట్టు. ఇగ మైల లేదు."

బాపు లేచి నిలబడ్డాడు. వెంటనే కొత్త సందేహం. "పెద్దలకు బట్టలు గూడ పెట్టాలె గదనే. ధోతి పెడుదుమా, చీర పెడుదుమా?"

"చీరనే. ఆడమనిషి," అంది బాపమ్మ తన పెట్టె తెరుస్తూ.

"నీకెట్ల తెలుసు?" అని నేను. బాపు నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

మరునాడు మా తాతల ఇస్తరాకుల పక్కన ఒక ఇస్తరాకు, దాని ముందు బాపమ్మ పెట్టెలోని ఆకుపచ్చ నేత చీర పెట్టాం. పేరు తెలియని ఆ మనిషికి అన్నం, పప్పు, చారు, బూరెలు పెట్టి, ఎప్పుడు తిన్నదో ఏమో అని బాపమ్మ నెయ్యి రెండోసారి వడ్డించింది. పడవ దిగింది, బాజాలు మోగాయి, ఆ మరునాడు లగ్గం అనుకున్న గడియకే అయింది. అక్క వారం తిరక్కుండానే మా బావకు, తను నచ్చాడన్న ముక్క తప్ప, అంతా చెప్పేసింది. ఆయన దానికి దయ్యాన్ని తగిలించుకున్నాడు. ఇక చాచా కొన్నాళ్లకు వచ్చి చెప్పిన కబురు ఏమిటంటే, అడవిలో కంతకు పసుపు ఉండటం చూసి దారిన పోయేవాళ్లెవరో కొబ్బరికాయ కొట్టారట, ఇంకెవరో ఎర్ర గుడ్డ కట్టారట. తర్వాత ఎప్పుడో చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఇక్కడి జనం తరతరాలుగా దీన్ని దేవతగా కొలుస్తున్నారని ఉపన్యాసంలో చెప్పగా స్వయంగా విన్నాను. లేచి, అది మా అక్క కుడి భుజం అండీ అనబోయి, జీవితంలో అరుదుగా చేసే పని చేశాను. ఊరుకున్నాను.

ఇప్పుడు నేను వెళ్లినా ఆ కంతలో నా భుజం కాదు కదా, నా వాదన కూడా పట్టదు. నలభై దాటిన ఒళ్లు న్యూట్రల్‌లోకి రాదు. కానీ నేను ఎవరికీ చెప్పని ముక్క ఒకటి ఉంది. ఆ సాయంత్రం పెరట్లో బట్టలతోనే మమ్మల్ని కూర్చోబెట్టి, బాపమ్మ చెంబుతో తలల మీద నీళ్లు పోసింది. పోస్తూ పోస్తూ, ఎవరూ లేకుండా చూసి, అక్కను అడిగింది. "పండుకున్నప్పుడు తలకాయ ఎటు పెట్టిన్రు?"

"కంత దిక్కు," అంది అక్క వణుకుతూ.

"తప్పు. కంత దిక్కు కాళ్లు పెట్టాలె. అప్పుడు మోదుగుచెట్టు కనబడ్తది. ఎర్రగ, ఆ గుండ్రంల పట్టినంత ఎర్రగ."

కళ్లలో నీళ్లు పడి ఉన్నాయి కాబట్టి మేము ఆమె ముఖం చూడలేదు. తుడుచుకుని చూసేసరికి ఎప్పటి బాపమ్మే, చెంబు పట్టుకుని నిలబడి ఉంది. నది అవతలి నుంచి పడవలో కొత్త కోడలిగా వచ్చి, సిరోంచ బజారు తప్ప మరేమీ ఎరగనని జీవితమంతా చెప్పుకున్న మనిషి! ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా "నాకేం యాదికి లేదు పో" అనేది, అని ఒక్క పక్కకు నవ్వేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను అన్ని వాదనలూ నెగ్గాను, ఓడినవి కూడా నెగ్గానని రాసుకున్నాను. ఇది ఒక్కటే మిగిలింది. బాపమ్మా, నువ్వు ఆ గూట్లకు ఎన్నడు పోయినవ్? లోపలి నుంచి నీ చెయ్యి పట్టి గుంజింది ఎవరు?